మన పొయ్యి మంట వెనుక వెయ్యి కిలోమీటర్లు

నేను ఢిల్లీకి బదిలీ అయి వచ్చిన రెండో చలికాలంలో ఒక ఉదయం, పెనం మీద పెసరట్టు సగం కాలుతుండగా పొయ్యి ఆరిపోయింది. మా ఆవిడ నాబ్ అటూ ఇటూ తిప్పి చూసింది. సిలిండర్ అయితే అయిపోయిందనుకుని ఇంకోటి తగిలించేవాళ్లం. కానీ మయూర్ విహార్‌లో మా ఇంటికి వచ్చేది పైపు గ్యాస్. పైపులో గ్యాస్ అయిపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. టైమైపోతోందని ఇద్దరం బ్రెడ్డు తిని ఆఫీసులకు బయలుదేరాం.

మెట్ల దగ్గర పక్కింటి ఆంటీ ఎదురై, "భయ్యా, చూల్హా బంద్ కియా?" అని అడిగారు. ఆరిపోయిన పొయ్యిని మళ్లీ కట్టేదేముంది అనుకున్నాను. ఆవిడ ఊరుకోలేదు. నన్ను వెనక్కి పంపారు. వెళ్లి చూస్తే నాబ్ తెరిచే ఉంది. వెనక వీధిలో తవ్వకాలు చేస్తున్న జేసీబీ గ్యాస్ పైపును తెంపిందట. రిపేరు చేసి మళ్లీ గ్యాస్ వదిలినప్పుడు, తెరిచి ఉన్న ప్రతి నాబులోంచీ మంట లేకుండా గ్యాస్ ఇంట్లోకి వస్తుందని ఆవిడ చెప్పారు. చలికి మా కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. సాయంత్రం ఇంటికి రాగానే ఎవరో ఒకరం లైటు స్విచ్ వేసేవాళ్లం. ఆ తర్వాత ఏమయ్యేదో ఊహించుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మధ్యాహ్నానికల్లా గ్యాస్ వచ్చింది. కానీ నా మనసులో ఒక ప్రశ్న మిగిలింది. ఈ పైపు అవతలి చివర ఎక్కడుంది? రోజూ నమ్మకంగా వచ్చే ఈ మంట దేని మీద ఆధారపడి ఉంది? అప్పట్లో నేను క్రెడిట్ విభాగంలో ఉండటంతో సి.ఎన్.జి. స్టేషన్ల రుణ దరఖాస్తులు కూడా నా టేబుల్ మీదకు వచ్చేవి. అలా ఇంటి అవసరం, ఆఫీసు అవసరం కలిసి నాకు కొంత నేర్పాయి. అదే ఈ వ్యాసంలో మీతో పంచుకుంటున్నాను.

సముద్రం నుంచి ఢిల్లీ దాకా

ఢిల్లీ చుట్టుపక్కల గ్యాస్ బావులు లేవు. దగ్గరలో సముద్రమూ లేదు. ఇక్కడి గ్యాస్ కథ పశ్చిమ తీరంలో మొదలవుతుంది. ముంబై దగ్గర సముద్రంలో దొరికిన గ్యాస్‌ను గుజరాత్‌లోని హజీరాకు చేర్చి, అక్కడి నుంచి ఉత్తర భారతానికి తెచ్చేందుకు పెద్ద పైపులైను వేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ పని కోసమే 1984 ఆగస్టులో గెయిల్ సంస్థ ఏర్పడింది. హజీరా నుంచి మధ్యప్రదేశ్‌లోని విజయ్‌పూర్ మీదుగా ఉత్తరప్రదేశ్‌లోని జగదీశ్‌పూర్ దాకా 1,700 కిలోమీటర్లకు పైగా సాగిన ఆ లైనునే మూడు ఊళ్ల తొలి అక్షరాలతో హెచ్.వి.జె. అంటారు. దాన్ని మొదట వేసింది మన వంటిళ్ల కోసం కాదు, ఎరువుల కర్మాగారాల కోసం, కవాస్, అంతా, ఔరయా విద్యుత్ కేంద్రాల కోసం.

ఇళ్లకు, బస్సులకు గ్యాస్ అందించే పని ఢిల్లీలో ఊపందుకోవడానికి కారణం గాలి కాలుష్యం. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1998 జులై 28న ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2001 మార్చి 31 నాటికి నగర బస్సులన్నీ సి.ఎన్.జి.కి మారాలని అందులో ఆదేశించింది. అదే ఏడాది డిసెంబరులో ఇంద్రప్రస్థ గ్యాస్ లిమిటెడ్ ఏర్పడింది. 1999లో ఢిల్లీ నగర గ్యాస్ ప్రాజెక్టును గెయిల్ నుంచి అది స్వీకరించింది. అయితే బస్సులూ ఆటోలూ మారినంత వేగంగా స్టేషన్లు, కంప్రెసర్లు రాలేదు. ఆటో డ్రైవర్లు రాత్రంతా క్యూలో నిలబడిన రోజులను ఇక్కడి పాతకాపులు ఇప్పటికీ చెప్పుకుంటారు. గడువు పెరుగుతూ పోయి, చివరికి 2002 డిసెంబరు నాటికి నగర బస్సుల మార్పు పూర్తయింది.

2004లో గుజరాత్ తీరంలోని దహేజ్‌లో పెట్రోనెట్ సంస్థ ఎల్.ఎన్.జి. టెర్మినల్ ప్రారంభమైంది. గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై, ఘనపరిమాణం సుమారు 600వ వంతుకు తగ్గిపోతుంది. అలా ఖతార్ నుంచి ఓడల్లో వచ్చిన ద్రవాన్ని దహేజ్‌లో మళ్లీ గ్యాస్‌గా మార్చి పైపులోకి ఎక్కిస్తారు. దహేజ్ నుంచి విజయ్‌పూర్‌కు, అక్కడి నుంచి దాద్రికి ఇంకో పెద్ద లైను వచ్చింది. దాంతో ఢిల్లీ ప్రాంతానికి ఒకే మూలం, ఒకే దారి అన్న పరిస్థితి పోయింది. నమ్మకమైన సరఫరాకు ఇది మొదటి సూత్రం. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి తెరిచి ఉండాలి.

ఒత్తిడి మెట్లు

గ్యాస్ దానంతటది నడవదు. ఒత్తిడి ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటుకు పోతుంది. పెద్ద లైనులో ఒత్తిడి 90 బార్ దాకా ఉండొచ్చు. అంటే దాదాపు 900 మీటర్ల లోతు నీటి అడుగున ఉండేంత. పైపు గోడల రాపిడితో దారి పొడవునా అది తగ్గుతూ వస్తుంది. అందుకే ఝాబువా, విజయ్‌పూర్ లాంటి చోట్ల కంప్రెసర్ స్టేషన్లు పెట్టి గ్యాస్‌ను మళ్లీ బలంగా నెడతారు. ఈ కంప్రెసర్లను చాలావరకు నడిపేది అదే పైపులోని గ్యాస్‌తో తిరిగే టర్బైన్లు. కరెంటు పోయినా అవి ఆగిపోవు.

నగరం పొలిమేరకు వచ్చాక కథ తిరగబడుతుంది. అక్కడి నుంచి ఒత్తిడిని మెట్టు మెట్టుగా దించాలి. మొదటి మెట్టు సిటీ గేట్ స్టేషన్. గ్యాస్‌ను కొలిచి, వడగట్టి, ఒత్తిడి తగ్గించి నగరంలోని ఉక్కు పైపుల్లోకి వదిలేది ఇక్కడే. నియమాల ప్రకారం నగరంలోని ఉక్కు లైన్లలో ఒత్తిడి 49 బార్ దాటకూడదు. తర్వాత కాలనీల దగ్గరుండే రెగ్యులేటింగ్ స్టేషన్‌లో అది 4 బార్‌కు దిగి, మట్టి కింద వేసిన పాలిథిలిన్ పైపుల్లో వీధుల్లోకి వస్తుంది. మా భవనం గోడకున్న చిన్న రెగ్యులేటర్ దగ్గర 100 మిల్లీబార్, మీటరు దగ్గర చివరికి 21 మిల్లీబార్. 21 మిల్లీబార్ అంటే జానెడు లోతు నీళ్ల అడుగున ఉండే ఒత్తిడి, అంతే. వెయ్యి కిలోమీటర్లు పరుగెత్తిన గ్యాస్ పొయ్యి దగ్గరకు వచ్చేసరికి అంత నెమ్మదిస్తుంది.

మన భాషలో చెప్పుకుంటే సిటీ గేట్ స్టేషన్ కరెన్సీ చెస్ట్ లాంటిది. రెగ్యులేటింగ్ స్టేషన్ మన బ్రాంచి. మీటరు ఏ.టి.ఎం. పై మెట్టులో ఉన్నది కింది మెట్టుకు నేరుగా వచ్చిపడకూడదు. అందుకే రెగ్యులేటింగ్ స్టేషన్లలో రెండు సమాంతర మార్గాలు పెడతారు. ఒకటి పని చేస్తుంటే రెండోది సిద్ధంగా ఉంటుంది. రెగ్యులేటర్ పాడై ఒత్తిడి హద్దు దాటితే దానంతటదే టక్కున మూసుకునే వాల్వు వేరే ఉంటుంది. రెగ్యులేటర్‌లో స్ప్రింగు, పొర తప్ప కరెంటుతో పనిచేసేది ఏదీ ఉండనక్కర్లేదు కాబట్టి మన కాలనీలో పవర్ కట్ అయినా పొయ్యి వెలుగుతూనే ఉంటుంది.

పైపే ఖజానా

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది ఈ భాగం. కరెంటును గ్రిడ్‌లో నిల్వ ఉంచలేం. ఉత్పత్తి, వాడకం ప్రతి క్షణం సరిపోవాలి. అది తప్పినందుకే 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతమంతా చీకటిలో పడింది. గ్యాస్ అలా కాదు. పెద్ద పైపు తనే ఒక గోదాము. అందులో ఒత్తిడితో కుక్కి ఉన్న గ్యాస్‌ను లైన్ ప్యాక్ అంటారు.

ఒక చిన్న లెక్క వేసి చూశాను. 36 అంగుళాల పైపు ఒక కిలోమీటరు పొడవున 70 బార్ ఒత్తిడిలో నిండి ఉంటే, అందులోని గ్యాస్ మామూలు ఒత్తిడి దగ్గర 40 వేల ఘనపు మీటర్లకు పైగా అవుతుంది. ఒక కుటుంబం వంటకు నెలకు 15 ఘనపు మీటర్లు వాడుతుందనుకుంటే, ఒక్క కిలోమీటరు పైపులో రెండున్నర వేల ఇళ్లకు నెలకు సరిపడా గ్యాస్ ఉన్నట్టు. అయితే అదంతా తీసి వాడుకోలేం. కనీస ఒత్తిడి మిగలాలి. ఆ కనీసానికీ గరిష్ఠానికీ మధ్య ఉన్నదే వాడుకోదగిన నిల్వ. బ్రాంచి ఖజానాలో ఉన్న నగదంతా ఒకేసారి ఇచ్చేయం కదా, అలాంటిదే ఇది.

ఈ నిల్వ ఎందుకు అవసరమో గ్యాస్ వేగం చూస్తే తెలుస్తుంది. పెద్ద లైనులో గ్యాస్ గంటకు సుమారు ముప్పై, నలభై కిలోమీటర్లు కదులుతుంది. మన ఊళ్ల మధ్య తిరిగే పల్లెవెలుగు బస్సు వేగం అనుకోండి. దహేజ్‌లో ఈ ఉదయం ఎక్కిన గ్యాస్ ఢిల్లీ చేరడానికి ఒక రోజుకు పైనే పడుతుంది. ఉదయం ఏడు గంటలకు నగరమంతా ఒకేసారి టీ పెట్టుకుంటే అప్పటికప్పుడు గుజరాత్ నుంచి రప్పించలేరు. దగ్గర్లోని పైపులో ముందే నింపి ఉంచిన గ్యాసే ఆ గంటను గట్టెక్కిస్తుంది. రాత్రి వాడకం తగ్గినప్పుడు మళ్లీ నింపుకుంటారు.

ఇందుకోసం ఒక క్రమశిక్షణ ఉంది. గ్యాస్ రోజు ఉదయం 6 గంటలకు మొదలై మర్నాడు ఉదయం 6 గంటలకు ముగుస్తుంది. పైపును వాడుకునే ప్రతి సంస్థా రేపు ఎంత ఎక్కిస్తుందో, ఎక్కడ ఎంత దించుకుంటుందో ముందుగా తెలపాలి. చెప్పినదానికీ తీసుకున్నదానికీ తేడా హద్దు దాటితే రుసుము పడుతుంది. సి.ఆర్.ఆర్. నిల్వ తగ్గితే మనకు పడే జరిమానా గుర్తొచ్చింది నాకు. ఒకరు చెప్పినదానికంటే ఎక్కువ లాగేస్తే లైను చివర ఉన్నవారికి ఒత్తిడి పడిపోతుంది. అందుకే ఆ రుసుము. ఈ నియమాలన్నీ చూసేది 2006 చట్టం కింద ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు.

మట్టి కింద కాపలా

పైపు ఒకసారి పూడ్చేశాక పని అయిపోయిందనుకుంటే పొరపాటు. ఉక్కు పైపు మీద ప్లాస్టిక్ పూత వేస్తారు. పూత దెబ్బతిన్నచోట తుప్పు పట్టకుండా పైపుకు స్వల్పంగా విద్యుత్తు పంపుతూ ఉంటారు. లోపలి గోడను పరీక్షించడానికి పిగ్ అనే పరికరాన్ని గ్యాస్ ప్రవాహంతోనే పైపులో పంపుతారు. అది ఎక్కడ గోడ పలచబడిందో నమోదు చేసుకుంటూ వెళ్తుంది. లైను పొడవునా నిర్ణీత దూరాల్లో వాల్వులుంటాయి. లీకు వస్తే ఆ ముక్కను మాత్రమే విడదీయడానికి అవి. దూరంగా ఉన్న కంట్రోల్ రూములో ఒత్తిడి, ప్రవాహం ఎప్పటికప్పుడు తెర మీద కనిపిస్తుంటాయి. వీటన్నిటితో పాటు లైను వెంబడి కాలినడకన తిరిగే కాపలాదారులూ ఉంటారు. వాళ్లు ముఖ్యంగా చూసేది ఎవరైనా తవ్వుతున్నారా అని.

ఈ కాపలా ఎందుకో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి తోటలు కాలిపోయాయి. పొడి గ్యాస్ కోసం ఉద్దేశించిన లైనులో తడి గ్యాస్ పోయిందని, లోపలి నుంచి తుప్పు పట్టిందని విచారణలో తేలింది. గ్యాస్‌లోని నీరు పైపు అడుగున చేరుతుంది. కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగి ఆమ్లమై ఉక్కును తినేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. గ్యాస్ మాత్రం రోజూ అందుతూనే ఉంటుంది. సరఫరా ఆగడం లేదు కనుక అంతా బాగుందనుకోవడం ఎంత ప్రమాదమో నగరం మనకు చెప్పింది. వడ్డీ రోజూ కట్టే ఖాతా లోపల్లోపల చెడిపోవడం మనమూ చూశాం కదా. తనిఖీ అన్నది పైకి సజావుగా ఉన్నప్పుడే చేయాలి.

పైపు ఉండి గ్యాస్ లేని రోజులు

2009 ఏప్రిల్‌లో కృష్ణా గోదావరి బేసిన్‌లోని కె.జి. డి6 నుంచి గ్యాస్ రావడం మొదలైంది. కాకినాడ దగ్గరి గాడిమొగ నుంచి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల పైపులైను అదే ఏడాది తెరుచుకుంది. అక్కడి వ్యవస్థతో కలవడంతో గోదావరి గ్యాస్ ఉత్తరాదికీ అందింది. పైపులో కలిశాక ఏ గ్యాస్ ఎవరిదో గుర్తుపట్టలేం. మనం డిపాజిట్ చేసిన నోటే మనకు తిరిగి రానట్టు, లెక్క మాత్రం సరిపోతుంది.

2010లో రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరిన ఆ ఉత్పత్తి, 2013 చివరికి సుమారు నాలుగో వంతుకు పడిపోయింది. ఆ గ్యాస్‌ను నమ్ముకుని వేమగిరి, సామర్లకోట, కొండపల్లి ప్రాంతాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఖాళీగా నిలబడ్డాయి. 2015 నాటికి దేశం మొత్తం మీద దేశీయ గ్యాస్ అందక నిలిచిపోయిన సామర్థ్యం దాదాపు 14,300 మెగావాట్లు. దిగుమతి గ్యాస్‌తో వాటిలో కొన్నింటినైనా నడిపించాలని కేంద్రం ఆ ఏడాది ప్రత్యేక పథకం తెచ్చింది. పైపు ఉంది, టర్బైను ఉంది, కరెంటు కొనేవారూ ఉన్నారు. లేనిది గ్యాస్ ఒక్కటే. ఆ రుణాలు ఎన్ని బ్యాంకుల పుస్తకాల్లో ఎన్.పి.ఏ.లుగా మారాయో మన వృత్తిలో ఉన్నవారికి తెలుసు.

అందుకే ఒప్పందం కూడా పైపంత ముఖ్యం. తీసుకున్నా తీసుకోకపోయినా డబ్బు కట్టాలన్న షరతుతో దీర్ఘకాల ఒప్పందం చేసుకుంటే కొనేవాడికి భారమే, కానీ అమ్మేవాడు ఆ గ్యాస్‌ను మన కోసం పక్కన పెడతాడు. ఖతార్‌తో పెట్రోనెట్ చేసుకున్న ఏడాదికి 75 లక్షల టన్నుల ఒప్పందం 2028తో ముగియవలసి ఉండగా, 2024 ఫిబ్రవరిలోనే మరో 20 ఏళ్లకు పొడిగించారు. అలాగని ఒప్పందంతోనే అంతా తీరదు. ఖతార్ ఓడ బయటికి రావాలంటే హార్ముజ్ జలసంధి దాటి తీరాలి. ఇళ్లకు, వాహనాలకు ఇచ్చే గ్యాస్‌కు దేశీయ కేటాయింపులో ప్రాధాన్యం ఉన్నా, 2024 అక్టోబరు, నవంబరు నెలల్లో నగర గ్యాస్ సంస్థలకు ఆ చవక గ్యాస్ కోటాను తగ్గించారు. తగ్గిన మేరకు ఖరీదైన గ్యాస్ కొనుక్కోవలసిందే. పొయ్యి మంట తగ్గలేదు, ఖర్చు పెరిగింది.

మన టేబుల్ మీదకు ఫైలు వస్తే

నోయిడా వైపు నుంచి ఒకే వారంలో నాకు రెండు సి.ఎన్.జి. స్టేషన్ల దరఖాస్తులు వచ్చాయి. స్థలం, సెక్యూరిటీ, అమ్మకాల అంచనా రెండింటికీ దాదాపు ఒకటే. సైట్ విజిట్‌కు వెళితే తేడా తెలిసింది. ఒకటి పైపు నేరుగా వచ్చే ఆన్‌లైన్ స్టేషన్. రెండోదానికి మదర్ స్టేషన్‌లో నింపిన సిలిండర్ల వరసను ట్రక్కు మీద తెచ్చుకోవాలి. ఆ ట్రక్కు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే పంపు దగ్గర క్యూ పెరుగుతుంది. గ్యాస్ ఉన్నా ఒత్తిడి తగ్గితే కారు సిలిండర్ 200 బార్‌కు నిండదు. సగం నిండిన కారు మర్నాడు ఇంకో స్టేషన్‌కు పోతుంది. రెండో దరఖాస్తును తిరస్కరించలేదు. పైపు వచ్చేదాకా అమ్మకాల అంచనాను తగ్గించి, వాయిదాలను దానికి తగ్గట్టు అమర్చాం.

అప్పటి నుంచి గ్యాస్ మీద ఆధారపడే ఏ యూనిట్ ఫైలు వచ్చినా నేను అడిగే ప్రశ్నలివి:

1. గ్యాస్ ఎవరు ఇస్తారు, ఎన్నేళ్లకు, ఏ ధర సూత్రంతో? ఆ ఒప్పందం గడువు మన రుణం గడువుకంటే ముందే ముగుస్తోందా?

2. పైపు గేటు దాకా వచ్చిందా, లేక వస్తుందని చెబుతున్నారా?

3. గ్యాస్ వాడకపోయినా కట్టవలసిన కనీస చెల్లింపు ఎంత? యూనిట్ నెల రోజులు మూతపడితే దాన్ని భరించగలదా?

4. గ్యాస్ ఆగితే ప్రత్యామ్నాయ ఇంధనం ఉందా? కాలుష్య ఆంక్షలు ఉండే ఢిల్లీ ప్రాంతంలో దాన్ని వాడే అనుమతి ఉందా?

మొదటి ప్రశ్నను ఎప్పుడూ మొదటిదిగానే ఉంచుతాను. పైపు ఫొటో ఫైలులో చూడగానే మనకు ధైర్యం వస్తుంది. కానీ ఇనుము గ్యాస్ ఇవ్వదు.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

సహజవాయువుకు సొంత వాసన లేదు. మనం పసిగట్టడానికే దుర్వాసన గల మెర్‌క్యాప్టన్ కలుపుతారు. ఎల్.పి.జి. గాలికంటే బరువు కనుక నేల దగ్గర పేరుకుంటుంది. పైపు గ్యాస్ తేలిక, పైకి పోతుంది. అందుకే వంటింటి పైభాగంలో ఉన్న వెంటిలేటర్‌ను చలికాలంలోనూ మూయకూడదు. గాలిలో ఇది 5 నుంచి 15 శాతం మధ్య చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. వాసన వస్తే స్విచ్‌లు వేయడం, తీయడం రెండూ చేయకుండా మీటరు దగ్గర వాల్వు కట్టి, కిటికీలు తెరిచి, బయటికి వెళ్లి బిల్లు మీదున్న అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి. మంట హఠాత్తుగా ఆరిపోతే ముందు నాబ్ కట్టాలి, తర్వాతే కారణం వెతకాలి. మీ వీధిలో తవ్వుతుంటే కింద గ్యాస్ పైపు ఉందేమో కనుక్కున్నారా అని ఒక్క మాట అడగండి.

సముద్రం అడుగు నుంచి మా వంటింటి దాకా ఇన్ని కంప్రెసర్లు, వాల్వులు, ఒప్పందాలు, కాపలాదారులు పనిచేస్తున్నారు. ఆ వరసలో చివరి వాల్వు మన చేతిలో ఉన్న నాబే. ఆ రోజు దాన్ని కట్టించింది పక్కింటి ఆంటీ. ఇప్పుడు మా భవనంలో కొత్తగా ఎవరు దిగినా, మా ఆవిడ ముందుగా వాళ్లింటికి వెళ్లి మీటరు దగ్గర వాల్వు ఎక్కడుందో చూపించి వస్తుంది.